ఎవులడిగినారు?

చనిపోయినవాడి మీద అసూయ పడకూడదంటారు. ప్రయత్నిస్తున్నాను. నా వల్ల కావడం లేదు.

మొన్న సోమవారం స్టాఫ్ రూములోకి అడుగు పెట్టగానే మెకానికల్ సారు లేచి వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. టేబుల్ మీద పేపరు జిల్లా పేజీ పరిచి ఉంది. అందులో ఫోటోతో సహా రెండు కాలాల వార్త. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో సెల్ రీఛార్జి దుకాణం నడుపుకుంటూ, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాడుకునే చర్చావేదిక సాఫ్ట్‌వేర్ ఒంటిచేత్తో తయారుచేసి ఊరికే పంచిపెట్టినతను పచ్చకామెర్లతో పోయాడని రాశారు. నలభై కూడా నిండలేదట. ఆఖరి వాక్యంలో నా పేరుంది. ఆయనకు గురువుగా నిలిచి దారి చూపినవారు ఫలానా ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్స్ అధ్యాపకులు, అని.

పన్నెండేళ్ళ సర్వీసులో జిల్లా పేజీలో నా పేరు పడడం అదే మొదలు. అదీ వాడి చావు వార్తకి తోకగా. అదీ అబద్ధం. నేను వాడికి గురువునెలా అవుతాను? వాడికి నేను చేసినది ఒకటుంది, అది పేపరు వాళ్ళకి తెలీదు. వాడికీ తెలీదు. దాని సంగతి చెప్పాలంటే ముందు వాడెలాంటివాడో చెప్పాలి. వాడు, వాడు అంటున్నాను గానీ ఎదురుగా ఎన్నడూ అనలేదు, ఎప్పుడూ నువ్వనే అన్నాను. వాడు నన్ను చివరిదాకా మీరు అనే అన్నాడు.

మొదటిసారి ఆ దుకాణంలోకి వెళ్ళింది వాన వల్ల. రెండువేల పన్నెండు వానాకాలం. మా ఇల్లు విజయనగరంలో. రోజూ సాయంత్రం ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కాలి. ఆ రోజు బండి గంటన్నర లేటు, ప్లాట్‌ఫాం మీద నిలబడే చోటు లేదు. రోడ్డు దాటి ఆ దుకాణం చూరు కిందికి దూరాను. రీఛార్జి, జిరాక్సు, లామినేషన్, ఫోన్ రిపేరు, అన్నీ ఆరడుగుల గదిలోనే. లోపల సన్నగా, నల్లగా ఒక మనిషి. ఎడమచేతి బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా పెంచుకున్నాడు, ఫోన్ల వెనక డొప్పలు ఊడదీయడానికి. ఏదో చర్చి పాట మంద్రస్వరంలో కూనిరాగం తీస్తున్నాడు.

నా చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. ల్యాప్‌టాప్‌లో నేను రెండు వేసవి సెలవులు ధారపోసి కట్టిన విద్యార్థి వేదిక ఉంది. కాలేజీ పిల్లలు ప్రశ్నలడగడానికి, జవాబులు చెప్పుకోడానికి. నలభై రకాల నవ్వుముఖాలు పెట్టాను. ఎక్కువ రాసేవాళ్ళకి బిరుదులు పెట్టాను, బాలుడి దగ్గర మొదలై మహాపండితుడి దాకా. శీర్షిక అక్షరాలు రంగులు మార్చుకుంటూ కదులుతాయి. ఊసుపోక, కొంత గొప్ప పోవడానికి, తెరిచి చూపించాను.

వాడు ల్యాప్‌టాప్ వైపు సరిగ్గా చూడను కూడా లేదు. అడ్రసు అడిగాడు. గల్లాపెట్టె కిందనుంచి అరిగిపోయిన కీప్యాడు ఫోనొకటి తీసి అందులో నా వేదిక కొట్టాడు. చేతివాచీ విప్పి అద్దం బల్ల మీద ఫోను పక్కన పెట్టాడు. ఆ తర్వాత మమ్మల్నిద్దరినీ, అంటే నన్నూ ఫోన్నీ వదిలేసి పనిలో పడ్డాడు. ఇద్దరికి రీఛార్జి చేశాడు. ఒక ముసలాయన ఆధార్ కార్డు లామినేషన్ చేసి, అంచులు కత్తిరించి ఇచ్చాడు. అప్పటికి నా వేదిక తెరుచుకుంది, సగం.

"బాగున్నాది మాస్టారూ" అన్నాడు. "తా దూర సందు నేదు, మెడకో డోలన్నట్టున్నాది."

వెక్కిరింత కాదు. డాక్టరు జ్వరం చూసి చెప్పినట్టు చెప్పాడు. అదే నాకు ఎక్కువ మండింది. పిల్లలకి ఇష్టమని పెట్టానన్నాను. ఈ నవ్వే బొమ్మలు ఎవులడిగినారని అడిగాడు. పిల్లలే అన్నాను. ఏ పిల్లలు, పేరు సెప్పండి అన్నాడు. ఒక్క పేరూ చెప్పలేకపోయాను. ఎవరూ అడగలేదు. నాకే ముచ్చటేసి పెట్టాను. అంతలో బండి వచ్చింది, బతికిపోయాను.

ఐదు నెలల తర్వాత అదే దుకాణంలో అదే డొక్కు ఫోను నా చేతిలో పెట్టి సూడండి అన్నాడు. చర్చావేదిక. నేను రెప్ప వేసి తీసేలోపు తెరుచుకుంది. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, రాయడానికి ఒక గడి, పంపడానికి ఒక బొత్తాం. ఇంకేమీ లేదు. మొత్తం పేజీ కలిపి నా నవ్వుముఖాల్లో ఒకదానంత బరువు లేదు. దానికి 'బేగి' అని పేరు పెట్టాడు. మా వైపు బేగి అంటే త్వరగా అని. బేగి రా, బేగి తిను. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఒగ్గేసినవాడు, పాతబడిన పుస్తకాలు, ఇంటర్నెట్‌లో దొరికిన పాఠాలు చదివి అది రాశాడు. కోడు కూడా దాచుకోలేదు, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని పెట్టేశాడు. బాగుందని ఒక్క మాట అనాల్సింది. వెతికే సౌకర్యం లేదేమిటి అన్నాను.

వాడి పని తీరు మా సిలబస్‌లో ఎక్కడా ఉండదు. సాయంత్రం ప్యాసింజరు వేళకి దుకాణం తలుపు ఓరగా వేసి ప్లాట్‌ఫాం మీదకొచ్చేవాడు. బండికోసం కూచున్నవాళ్ళని, ఎవర్నైనా సరే, పక్కన చేరి ఒకపాలి మీ ఫోనివ్వండని అడిగేవాడు. వాచీ విప్పి తొడ మీద పెట్టుకుని బేగి తెరిచేవాడు. ఎంతసేపు పట్టిందో రాసుకుని, ఆ ఫోను అద్దం తన చొక్కాతో తుడిచి తిరిగిచ్చేవాడు. అప్పుడడిగేవాడు, దీంతోటి మీకేటి ఇబ్బంది అని. వాళ్ళు చెప్పిందే మర్నాడు చేసేవాడు. వాళ్ళు చెప్పనిది చచ్చినా చేసేవాడు కాదు.

కోడులో ఏ మార్పు చేసినా పక్కన ఒక ముక్క రాసిపెట్టాలి, ఏం మార్చాం, ఎందుకు మార్చాం అని. అది అందరూ చేసేదే. వాడు మాత్రం ఎవరడిగారో రాసేవాడు. మన మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. పాతపట్నం సత్యం మావ అడిగినాడు, ఆయన వేలు లావు, బొత్తాం పెద్దది కావాల. శ్రీకూర్మంలో కొబ్బరికాయలమ్మీ ఆవిడ అడిగింది, ఎండలో అచ్చరాలు ఆనట్లేదు. ప్యాసింజర్లో కూకున్న కానిస్టేబులు అడిగినాడు, సిగ్నల్ పోతే రాసింది పోకూడదు. పేజీలకి పేజీలు ఇదే. తర్వాత్తర్వాత పై దేశాల వాళ్ళు బేగి వాడడం మొదలుపెట్టాక, జర్మనీ నుంచి ఒకాయన 'సత్యం మావ' అన్నది ఏ కంపెనీ, వాళ్ళని ఎలా సంప్రదించాలి అని అడిగాడు. వాడు మూడు రోజులు నవ్వాడు. సత్యం మావకి కూడా చెప్పాడు, ఆయన నవ్వలేదట, గంభీరంగా మీసం సవరించుకున్నాడట.

చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. తన పేరు కూడా. ఒకసారి అడిగితే, "వంటోడి పేరు ఇస్తరాకు మీద రాస్తారేటి మాస్టారూ" అన్నాడు. కనీసం వాడికి పేరు పిచ్చి ఉన్నా బాగుండేది. తిట్టుకోడానికి ఒక ఆధారం దొరికేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, నేను కాకపోతే ఎవరు చెబుతారు. మొండి. కోడులో ఏదో తట్టిందంటే ఎదురుగా గిరాకీ నిలబడ్డా పట్టించుకునేవాడు కాదు, ఆడవాళ్ళు చంటిపిల్లల్నెత్తుకుని నిలబడినా అంతే. ఒకవైపు వాడేసిన జిరాక్సు కాగితాల వెనక కోడు ముద్రించుకుని, రోజుకొక అనవసరపు వరుసైనా ఎర్ర రీఫిల్లుతో కొట్టేస్తేగాని టిఫిన్ చేసేవాడు కాదు. అప్పుడు మనిషి మాటా వినడు. పని నడుస్తుంటే కూనిరాగం మంద్రంలో, అడ్డం పడితే గొంతు పైకి. స్టేషన్ రోడ్డులో సగం మందికి బేగి ఎలా ఉందో ఆ పాటని బట్టి తెలిసిపోయేది.

చర్చి పాటల బృందాలు సాధన ఏ రోజో చెప్పుకోడానికి బేగి పెట్టుకున్నాయి. పాతపట్నం వైపు రైతులు విత్తనాల కబుర్లకి పెట్టుకున్నారు. నా విద్యార్థి వేదికలో ఆ ఏడాది చివరికి మిగిలింది ఇద్దరు మహాపండితులు. అందులో ఒకణ్ణి నేనే. మా పిల్లలు నాకు చెప్పకుండా బేగి తెచ్చుకుని హాస్టల్లో వేరే వేదిక పెట్టుకున్నారు. అది తెలిసిన రోజు అన్నం సయించలేదు.

నేనూ మార్పులు పంపాను. మెచ్చుకునే బొత్తాం పెడదామన్నాను, నక్షత్రాలు పెడదామన్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు, ఎవులడిగినారు? నేనడుగుతున్నాను కదా అంటే, మీకు కావాలా, అందులో రాసుకునీవోల్లకి కావాలా అనేవాడు. నా పేరు ఆ జాబితాలో పడే దారి లేదు. అప్పుడొక సిగ్గుమాలిన పని చేశాను. దొంగపేరుతో, రవిబాబునని, బేగిలో వెతకడానికి దారే లేదు, రాసింది మళ్ళీ దొరకదు అని ఘాటుగా రాశాను. మర్నాటికల్లా వెతికే గడి పెట్టాడు. పక్కన రాశాడు, రవిబాబు గారడిగినారు, మంచి మాట. నా దొంగపేరు జాబితాకెక్కింది, నా అసలు పేరు ఎక్కలేదు. రవిబాబు మీద కూడా కుళ్ళుకున్నాను, ఏం చెప్పను.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

కీప్యాడు ఫోన్లలో పాస్‌వర్డు కొట్టడం నరకమని చాలామంది అన్నారు. వాడు దాన్ని తీసేశాడు. ఒక ఫోన్లో ఒకసారి పేరు చెప్పి లోపలికెళితే చాలు, ఇక జన్మలో అడగదు. తర్వాతి వేసవిలో పాతపట్నంలో మా అక్కగారింటికి వెళ్ళాను. వాళ్ళింట్లో నలుగురికి ఒకటే ఫోను, కిటికీలో ఉంటుంది, ఎవరికి పడితే వాళ్ళు తీస్తారు. అక్క అంది, "ఒరే, మీ ఓడి బేగిలో నాను రాసినా మీ బావ పేరే పడతన్నాది." అని నవ్వేసి పప్పులో పోపు వేసింది. నేను నవ్వలేదు. ఒక్క క్షణంలో అంతా కనిపించింది. ఒక ఫోను ఒక మనిషి అనుకుని కట్టాడు వాడు. మా జిల్లాల్లో ఒక ఫోనంటే ఒక ఇల్లు. పాటల బృందంలో ఆడవాళ్ళకి బేగిలో వేరే గది ఉంది, అందులో వాళ్ళు రాసుకునేది ఆ ఇంట్లో ఫోను తీసినవాడెవడైనా చదవచ్చు. అడిగినవాళ్ళకే చేస్తానన్న వాడి నియమంలో ఉన్న బొక్క అదే. అడగలేనివాళ్ళ సంగతేమిటి?

స్టేషన్లో దిగి, రోడ్డు దాటి, ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. వాడిది కూడా ఒకసారి చెడిపోవాలి అనుకున్నాను. అచ్చంగా ఈ మాటే అనుకున్నాను. నాలుగు నెలలు రోజూ ఆ దుకాణం ముందునుంచే నడిచాను, పలకరించాను, టీ తాగాను. చాలా హాయిగా ఉంది. వాడి కంటే నాకు ఎక్కువ తెలుసన్న హాయి, అంతకు ముందెప్పుడూ ఎరగనిది.

వాడి చర్చిలోనే పాడే ఒకావిడ ఉంది. ఆస్పత్రిలో ఆయా. విజయనగరంలో నర్సింగ్ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకుని, సీటు వచ్చేలా ఉందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని, ఇంటర్వ్యూకి తోడెవరైనా వస్తారా అని ఆడవాళ్ళ గదిలో రాసింది. సాధన ఎప్పుడో చూద్దామని ఆమె మరిది ఇంట్లో ఫోను తీశాడు. బేగి ఆమె పేరుతోనే తెరుచుకుంది. ఆమె సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. ఇంటర్వ్యూ తేదీ దాటాక తీశారు.

ఎన్నడూ దుకాణం మూయనివాడు ఆ వారం ఒకరోజు మూసి మా కాలేజీకి బస్సులో వచ్చాడు. క్లాసు అయి బయటికొస్తే వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. దెబ్బలాటకి వచ్చాడేమో అనుకున్నాను. క్యాంటీన్లో కూచున్నాక జరిగినదంతా చెప్పి, చేతిలో గ్లాసు తిప్పుతూ అడిగాడు.

"మీరు సదువుకున్నోరు మాస్టారూ. ఇది ముందే కనిపించాల కదా. నాకెందుకు కనిపించనేదు?"

అరగంట చెప్పాను. మనుషులు పరికరాలని ఎలా పంచుకుంటారు, రూపకల్పనలో ఏమేం ఊహించుకోవాలి, అప్పుడే ఆలోచిస్తున్నవాడిలా ఆగి ఆగి చెప్పాను. నా జీవితంలో అంత మంచి పాఠం ఏ క్లాసులోనూ చెప్పలేదు. వాడు తలొంచుకుని విన్నాడు.

"అడగనేనోల్లు కూడా ఉంటారని నాకు తట్టనేదు. మీకు ముందే తట్టుంటే సెప్పీవోరు" అన్నాడు.

ప్రశ్న కాదు. నమ్మకంతో అన్నమాట. అయినా జవాబిచ్చాను. "చెప్పేవాణ్ణే" అన్నాను.

వారంలో మార్చాడు. ఆడవాళ్ళ గదికి ప్రతిసారీ ఒక గుర్తుమాట అడిగేలా పెట్టాడు, బయటికొచ్చేస్తే లోపల రాసినదేదీ ఫోన్లో కనబడకుండా చేశాడు. పేజీ కాస్త బరువెక్కింది, కాస్త నెమ్మదించింది. రోజుకొక వరుస కొట్టేసేవాడు దానికి రెండొందల వరుసలు చేర్చాడు. పక్కన రాశాడు. అడిగినోరు, అని నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కాలేజీ పేరుతో సహా. అడగనేనోల్ల తరపున అడిగినారు, అని. పేపరతను గురువని రాసింది అది చూసే.

అది చదివిన రోజు నేను సంతోషించాను. అబద్ధం ఎందుకు, మూడుసార్లు తెరిచి చూసుకున్నాను. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చాక పోలేదు.

తర్వాత చవకగా డేటా వచ్చి జనం ఫోన్లలో గ్రూపులకి మళ్ళారు. బేగి వాడేవాళ్ళు ఇక్కడ తగ్గి, ఎక్కడో సిగ్నలందని దేశాల్లో పెరిగారు. వాడు ప్లాట్‌ఫాం మీదకి రావడం మానలేదు. ఆఖరిసారి చూసినప్పుడు కళ్ళు పచ్చబడి ఉన్నాయి. ఆకు మందు వేయించుకుంటన్నానన్నాడు. పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నాను. బండి వచ్చింది, ఎక్కేశాను.

నిన్న శనివారం వాళ్ళ చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో సంతాపసభలాంటి ఆదరణ కూడిక పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. నన్ను ముందు వరుసలో కూచోబెట్టారు. గురువుగారు నాలుగు మాటలు చెబుతారన్నారు. చెప్పాను, బాగానే చెప్పాను. రెండు మూడు చోట్ల జనం కళ్ళు తుడుచుకున్నారు. గురువు కాదని మాత్రం చెప్పలేదు.

భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. నేను అక్కడే కూచుండిపోయాను. ఒకావిడ వచ్చి నా ముందు నిలబడింది. నలభై దగ్గర్లో ఉంటుంది, తెల్ల చీర, కొంగు నడుముకి దోపుకుని ఉంది. నన్నెరగరు మీరు అని, ఆస్పత్రి ఆయానని చెప్పింది. ఆ గదికి తాళం పెట్టించింది మీరేనంట, ఆయన ఎన్నోపాల్లు సెప్పినాడు, నా తర్వాత ఇంకోలకి అలగ అవకుండా సేసినారు అంది. రెండు చేతులూ జోడించింది.

ఆ చేతులు చూడలేకపోయాను. నాలుగు నెలల ముందే నాకు తెలుసని చెప్పాను. మా అక్కగారింట్లో చూశానని, కావాలనే చెప్పకుండా ఊరుకున్నానని చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూశాను.

ఆమె చేతులు దించింది. తిడుతుందనుకున్నాను. "ఎందుకు సెప్పనేదు?" అని మాత్రం అడిగింది.

"అతను చేసింది నాదాని కంటే బాగుంది. అందుకని."

"బాగుందని ఆయనతోటి అన్నారేటి, ఎప్పుడేనా?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్తన్నారు?" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. పక్క వరుసలోని కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసుకుంటూ వెళ్ళింది. ఆ చివరిదాకా వెళ్ళి, నా వరుసలోవన్నీ సర్దుకుంటూ తిరిగి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"లెగండి మాస్టారూ" అంది. "టెంటు హౌసోల్లు వచ్చినారు, కుర్సీ ఇచ్చీయాల."